విమానం ఎక్కేవాళ్ల గురించి ఎవరికి ఎంత తెలియాలి?

శంషాబాద్ విమానాశ్రయం గుమ్మం దగ్గర ఇప్పుడు రెండు రకాల వరసలు ఉంటాయి. ఒక వరసలో సీఐఎస్‌ఎఫ్ జవాను టికెట్టూ ఆధార్ కార్డూ చేతిలోకి తీసుకుంటాడు, పేరు చదువుతాడు, మొహంలోకి ఒకసారి చూస్తాడు, వెళ్లమంటాడు. రెండో వరసలో ఆ పని కెమెరా చేస్తుంది. ఫోన్లో డిజియాత్ర యాప్ ఉన్నవాళ్లు బోర్డింగ్ పాస్ కోడ్ చూపించి కెమెరా ముందు నిలబడితే గేటు తెరుచుకుంటుంది. ఈ వరస చాలాసార్లు చిన్నగా ఉంటుంది, తొందరగా కదులుతుంది.

ఈ రెండో వరస గురించి ఎక్కడ మాటొచ్చినా రెండు వాదనలు వినిపిస్తాయి. తప్పు చేయనివాడికి భయమెందుకని ఒకరంటారు. మొహం కూడా ఇచ్చేశాక మనదంటూ ఇంకేం మిగిలిందని మరొకరు. ఇద్దరూ మనస్ఫూర్తిగానే అంటారు. చిక్కేమిటంటే, చాలాసార్లు ఇద్దరూ వేరువేరు సంగతులు మాట్లాడుతుంటారు. బ్యాగు తనిఖీ, మొహం గుర్తింపు, టికెట్ సమాచారం సర్కారుకు చేరడం, ఎక్కనివ్వకూడని వాళ్ల జాబితా - ఇవన్నీ ‘భద్రత’ అనే ఒక్క మాటలో కలిసిపోయాయి. వాటిని విడదీసి చూస్తే తప్ప దేనికి ఒప్పుకోవాలో, దేన్ని నిలదీయాలో తేలదు.

ఒక్క మాటలో నాలుగు పనులు

మొదటి పని వస్తువుల తనిఖీ. బ్యాగును ఎక్స్‌రే యంత్రంలోంచి పంపడం, మనిషిని మెటల్ డిటెక్టర్‌తో తడమడం ఈ కోవలోకి వస్తాయి. మీరెవరన్నది దీనికి అక్కర్లేదు. మీ దగ్గర కత్తి ఉందా, పేలుడు పదార్థం ఉందా అన్నదొక్కటే కావాలి. తనిఖీ అయిపోయాక మీ గురించి రాసిపెట్టుకునేది కూడా దాదాపు ఏమీ ఉండదు.

రెండోది గుర్తింపు. టికెట్ మీద ఉన్న పేరు, వచ్చిన మనిషి ఒకరేనా అని చూడటం. మూడోది జాబితాతో పోల్చడం. ఫలానా వాళ్లను ఎక్కనివ్వకూడదు, ఫలానా వాళ్లను ఎక్కువసేపు తనిఖీ చేయాలి అని ముందే రాసుకున్న పేర్లలో మీ పేరుందేమో చూడటం.

నాలుగోది అంచనా. టికెట్ ఎప్పుడు కొన్నారు, డబ్బు ఎలా కట్టారు, ఎటు తిరిగి ఎటు వెళ్తున్నారు, వెంట ఎవరున్నారు అన్న వివరాలు పోగేసి, ‘ఈ మనిషి మీద కన్నేయాలా’ అని లెక్కగట్టడం. ఇంకా ఏ తప్పూ చేయని మనిషి గురించి చేసే ఊహ ఇది.

పై నుంచి కిందికి వస్తున్నకొద్దీ వస్తువు మీది చూపు మనిషి మీదికి మళ్లుతుంది. నిల్వ చేసే సమాచారం పెరుగుతుంది. పొరపాటు జరిగితే దిద్దుకునే దారి సన్నబడుతుంది. మొదటి పనిని సమర్థించే వాదనతో నాలుగో పనిని కూడా సమర్థించేయడం, నాలుగో పనిపై ఉన్న భయంతో మొదటి పనిని కూడా తప్పుపట్టడం - ఈ చర్చలో ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇవే.

ఈ తనిఖీలు ఎందుకొచ్చాయి

గోప్యత గురించి బాధపడేవాళ్లు ఈ చరిత్రను దాటేయకూడదు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి దగ్గర్లో సముద్రం మీద పేలిపోయింది. 329 మంది చనిపోయారు. బాంబున్న పెట్టె కెనడాలోని వాంకూవర్‌లో చెకిన్ అయింది. దాన్ని ఇచ్చిన మనిషి మాత్రం విమానం ఎక్కలేదు. మనిషి ఎక్కని విమానంలో అతని పెట్టె వెళ్లకూడదన్న నియమం ప్రపంచమంతటా గట్టిపడటానికి ఆ 329 ప్రాణాలు ఒక పెద్ద కారణం. ఈ నియమం ఎవరి అంతరంగంలోకీ తొంగిచూడదని గమనించండి. పెట్టెల లెక్క, మనుషుల లెక్క సరిచూస్తుంది, అంతే. గోప్యతకు ఇంత తక్కువ ఖర్చుతో ఇంత రక్షణ ఇచ్చిన ఏర్పాటు మరొకటి దొరకడం కష్టం.

1999 డిసెంబర్ 24న ఖాట్మండూ నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకెళ్లారు. హైజాకర్లు మారుపేర్లతో ప్రయాణించారు. ఆ తర్వాతే మన విమానాశ్రయాల భద్రత సీఐఎస్‌ఎఫ్ చేతికి వచ్చింది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో అది మొదలైంది.

ఇక 2001 సెప్టెంబర్ 11. అమెరికాలో అప్పటికే ప్రయాణికుల వివరాలు చూసి అనుమానితుల్ని ఏరే కంప్యూటర్ ఏర్పాటు ఒకటుంది. ఆ రోజు విమానాలెక్కిన 19 మంది హైజాకర్లలో సగానికి పైగా మందిని అది ఏరింది కూడా. అయితే ఏరినవాళ్లను ఏం చేయాలి? వాళ్ల చెకిన్ బ్యాగుల మీద అదనంగా ఒక కన్నేయాలి, అంతే. మనిషిని ఆపి చూడమని నియమం చెప్పలేదు. ఇంకో సంగతి: అమెరికా విదేశాంగ శాఖ దగ్గరున్న ఉగ్రవాద అనుమానితుల జాబితాలో అప్పటికి 60 వేలకు పైగా పేర్లుండగా, విమానయాన సంస్థలకు చేరిన ‘ఎక్కనివ్వొద్దు’ జాబితాలో 12 పేర్లే ఉన్నాయి. ఆ ఉదయం కొరవడింది సమాచారం కాదు. ఉన్న సమాచారాన్ని సరైన చోటికి చేర్చే దారి.

2009 క్రిస్మస్ రోజున కూడా ఇదే జరిగింది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో లోదుస్తుల్లో పేలుడు పదార్థం దాచుకుని ఎక్కిన యువకుడి గురించి, అతని కన్నతండ్రే ముందు నెలలో నైజీరియాలోని అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి హెచ్చరించాడు. అతని పేరు ఒక పెద్ద డేటాబేస్‌లోకి చేరింది కూడా. ‘ఎక్కనివ్వొద్దు’ జాబితాకు మాత్రం చేరలేదు. గడ్డివాములో సూది దొరకలేదని మరింత గడ్డి పోస్తే సూది దొరుకుతుందా అని గోప్యతావాదులు అడిగే ప్రశ్న ఇలాంటి ఘటనల నుంచే పుట్టింది. సూది ఏ వాములో ఉందో కూడా తెలియకుండా వెతికేదెలా అని భద్రతా సంస్థలు ఎదురు ప్రశ్న వేస్తాయి. రెండిట్లోనూ నిజముంది.

భీమవరం నుంచి డాలస్‌కు: ఒక టికెట్ కథ

భీమవరంలో ఉంటున్న 66 ఏళ్ల ఒక తల్లిని ఊహించుకుందాం. కూతురి పురుడు కోసం డాలస్ వెళ్తోంది. హైదరాబాద్‌లో విమానమెక్కి దోహాలో మారాలి. టికెట్ ట్రావెల్ ఏజెంటు తీశాడు, డబ్బు అల్లుడి కార్డు నుంచి వెళ్లింది. ఆమె నడవగలదు. అయినా ఇంగ్లిషు రాదు, దోహాలో గేటు వెతుక్కోలేదని కూతురు వీల్‌చెయిర్ పెట్టించింది. అమెరికాకు అమ్మానాన్నల్ని పిలిపించుకున్న తెలుగువాళ్లకు ఈ కిటుకు కొత్త కాదు.

పీఎన్‌ఆర్ అంటే మనకు రైలు టికెట్ మీది పది అంకెలే గుర్తొస్తాయి. విమానయానంలో పీఎన్‌ఆర్ అంటే ఆ కోడ్ వెనకున్న చిట్టా మొత్తం. ఆమె పేరు, ఫోన్ నంబర్, ప్రయాణ మార్గం, టికెట్ తీసిన తేదీ, తీసిన ఏజెంటు, డబ్బు కట్టిన తీరు, సీటు, బ్యాగులు, ప్రత్యేక కోరికలు అన్నీ అందులో ఉంటాయి. వీల్‌చెయిర్‌కు ఒక కోడ్, శాకాహార భోజనానికి ఒక కోడ్. హిందూ భోజనానికి వేరే కోడ్, ముస్లిం భోజనానికి వేరే కోడ్. విమానంలో అన్నం ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి పుట్టిన అక్షరాలు ఇవి. మతమేమిటో, ఆరోగ్యమేమిటో చెప్పే అక్షరాలుగా కూడా చదువుకోవచ్చు.

పాస్‌పోర్ట్ వివరాల సంగతి వేరు. అవి సర్కారు జారీ చేసినవి, సరిచూసినవి. పీఎన్‌ఆర్‌లో ఉండేవి ఏజెంటు టైపు చేసినవి, ఎవరూ సరిచూడనివి. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఈ చిట్టా ఎక్కడెక్కడికి వెళ్తుంది? మన కస్టమ్స్ శాఖ 2022 ఆగస్టు 8న పీఎన్‌ఆర్ నిబంధనలు ప్రకటించింది. దేశంలోకి వచ్చే, దేశం నుంచి వెళ్లే అంతర్జాతీయ విమానాల సంస్థలు ప్రయాణికుల వివరాలను బయల్దేరడానికి 24 గంటల ముందే కస్టమ్స్ వారి ప్రత్యేక కేంద్రానికి పంపాలి. మొత్తం 19 రకాల వివరాలు. ఐదేళ్లు నిల్వ ఉంచుతారు, ఆ తర్వాత పేరూ ఊరూ తెలియకుండా చేస్తారు. పంపని సంస్థకు ఒక్కో తప్పుకు 25 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా. మతం, జాతి, రాజకీయ అభిప్రాయం, ఆరోగ్యం లాంటివి బయటపెట్టేలా ఈ సమాచారాన్ని వాడకూడదని నిబంధనల్లోనే రాశారు. మంచి మాట. భోజనం కోడ్ చిట్టాలోనే ఉన్నప్పుడు ఆ మాట ఎంతవరకు నిలుస్తుందన్నది, దాన్ని చదివే యంత్రాన్ని ఎవరు ఎంత తరచుగా పరీక్షిస్తారన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇది మన దేశం ఒంటరిగా చేస్తున్న పని కాదు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2017 డిసెంబర్‌లో చేసిన 2396వ తీర్మానం, పీఎన్‌ఆర్ సేకరించే సామర్థ్యం పెంచుకోవాలని అన్ని దేశాలకూ చెప్పింది.

అమెరికా వైపు చూస్తే, ఆమె పూర్తి పేరు, పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్న వివరం 72 గంటల ముందే ‘సెక్యూర్ ఫ్లైట్’ అనే ఏర్పాటుకు చేరి, జాబితాలతో పోల్చి చూడటం అయిపోతుంది. పీఎన్‌ఆర్ చిట్టా అక్కడి సరిహద్దు రక్షణ శాఖకు వెళ్తుంది. అక్కడ నిల్వకాలం పదిహేనేళ్లు.

ఐరోపాలో ఇదే సంగతి కోర్టుకెక్కింది. అక్కడి చట్టం కూడా అందరి పీఎన్‌ఆర్‌నూ ఐదేళ్లు ఉంచమంది. 2022 జూన్ 21న ఐరోపా న్యాయస్థానం చట్టాన్ని కొట్టేయలేదు గానీ బాగా కుదించింది. అనుమానించడానికి ఏ ఆధారమూ లేని ప్రయాణికుల సమాచారం ఆరు నెలలకు మించి ఉంచకూడదంది. తనంతట తానే నేర్చుకుంటూ కొలమానాలు మార్చుకునే కృత్రిమ మేధను ఈ వడపోతకు వాడొద్దంది. ఎందుకు అనుమానించారో మనిషికి అర్థమయ్యేలా చెప్పలేని యంత్రం అనుమానిస్తే, ఆ మనిషి కోర్టులో దేన్ని సవాలు చేయాలి? తీర్పు వెనకున్న తర్కం ఇదే. మన దేశంలో ఐదేళ్లు, ఐరోపాలో ఏ ఆధారమూ లేకపోతే ఆరు నెలలు, అమెరికాలో పదిహేనేళ్లు. ముప్పు ఒకటే, తీర్పులు మూడు. సరైన కాలమెంతో సాంకేతికత తేల్చదు, సమాజం తేల్చుకోవాలి.

పదహారు కోట్ల మందిలో పదహారు మంది

నాలుగో పనిలో, అంటే అంచనాలో, ఒక లెక్క అడ్డొస్తుంది. ఇది అర్థమైతే ఈ చర్చ సగం అర్థమైనట్టే.

2024లో మన దేశంలో దేశీయ విమానాల్లో దాదాపు 16 కోట్ల ప్రయాణాలు జరిగాయి. వాటిలో కోటికి ఒకరు నిజంగా ప్రమాదకరమైన మనిషి అనుకుందాం. ఇది లెక్క కోసం అనుకుంటున్న సంఖ్య మాత్రమే. అంటే ఏడాదికి 16 మంది. చాలా గొప్ప యంత్రం ఒకటి తెచ్చామనుకుందాం. నిజమైన ప్రమాదకారుల్ని నూటికి 99 పాళ్లు పట్టేస్తుంది, అమాయకుల విషయంలో వెయ్యికి ఒక్కసారే పొరబడుతుంది. వినడానికి లోపమే లేనట్టుంది.

ఆ పదహారు మందినీ పట్టేసిందనే అనుకుందాం. మిగతా 16 కోట్లలో వెయ్యికి ఒకరు చొప్పున పొరబడితే 1,60,000 మంది అమాయకులు. ఏడాదికి అంతమంది, రోజుకు 438 మంది. యంత్రం వేలెత్తి చూపిన ప్రతి పదివేల మందిలో దాదాపు ఒక్కరే అసలు మనిషి. యంత్రం చెడ్డది కాదు, వెతుకుతున్నది అంత అరుదైనది.

దీనికి భద్రతా సంస్థల జవాబు కూడా వినాలి. వేలెత్తి చూపడం అంటే జైల్లో వేయడం కాదు, ఇంకో రెండు నిమిషాలు తనిఖీ చేయడమే కదా అంటాయి. నిజమే. రోజుకు 438 మందిని రెండు నిమిషాలు ఆపడం వేరు, 438 మందిని ఎక్కనివ్వకపోవడం వేరు. అందుకే వడపోత ఎంత కచ్చితం అన్నది ఒక్కటే అడిగితే చాలదు. పొరబడితే ఆ మనిషికి ఏమవుతుంది అన్నది కూడా అడగాలి.

తప్పు గడిలో పెట్టిన టిక్కు

2004లో అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీని విమానాశ్రయాల్లో పదేపదే ఆపారు. ఆయన పేరును పోలిన పేరొకటి జాబితాలో ఉంది. దేశమంతా ఎరిగిన మనిషి, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మంత్రితోనే నేరుగా మాట్లాడగలిగిన మనిషి. ఆయనకే దాన్ని సరిచేయించుకోవడానికి వారాలు పట్టింది.

ఇప్పుడు మన పేర్ల సంగతి చూడండి. కె. వెంకటేశ్వరరావు అనే పేరుతో గోదావరి జిల్లాల్లో ఎంతమంది ఉంటారో ఎవరు లెక్కపెట్టగలరు? ఇంటిపేరు ముందుండే మన పద్ధతి వాళ్ల ఫారాల్లో వెనక్కి వెళ్తుంది. లక్ష్మిని ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదు అని, పడుతుంది. ఒకే పేరున్నవాళ్లను విడదీయడానికి పుట్టిన తేదీ చూస్తారు. పుట్టిన తేదీ కచ్చితంగా తెలియని పెద్దవాళ్లకు ఆధార్‌లో జనవరి 1 అని నమోదు కావడం మనకు మామూలే. పేరూ కలిసి, తేదీ కూడా కలిస్తే మనిషిని విడదీసేది ఏది?

రహీనా ఇబ్రహీం కథ ఇంతకన్నా లోతైనది. మలేసియా పౌరురాలు, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థిని. 2005 జనవరి 2న శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో వీల్‌చెయిర్‌లో ఉన్న ఆమె చేతులకు బేడీలు వేసి నిర్బంధించారు. మరునాడు వెళ్లనిచ్చారు గానీ, వీసా రద్దయింది. ఎందుకన్నది ఎవరూ చెప్పలేదు. ఆమె దావా వేసింది. దేశ రహస్యం బయటపెట్టలేమని ప్రభుత్వం ఏళ్ల తరబడి వాదించింది. చివరికి 2014 జనవరిలో జడ్జి విలియం ఆల్సప్ తీర్పుతో అసలు సంగతి బయటికొచ్చింది. 2004 నవంబర్‌లో ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు ఫారం నింపుతూ పొరబడ్డాడు. ఏయే జాబితాల్లో ఆమె పేరు పెట్టకూడదో ఆ గడుల్లో టిక్కు పెట్టమని ఫారం చెబుతోంది. అతను దాన్ని తిరగేసి చదివాడు. తాను పొరబడ్డానని ఆ ఏజెంటుకే కేసులో సాక్ష్యమిచ్చేనాటికి గానీ తెలియలేదు.

తొమ్మిదేళ్ల రహస్యం వెనక దాగింది ఉగ్రవాదం కాదు, ఒక టిక్కు. నా దృష్టిలో ఈ చర్చకంతటికీ కేంద్రం ఇదే. జాబితా ఉండాలా వద్దా అన్నదానికన్నా, జాబితాలో ఉన్నానని మనిషికి తెలుస్తుందా, ఎందుకో చెబుతారా, ‘అది నేను కాదు’ అని చెప్పుకునే చోటు ఒకటుందా అన్నవే ముఖ్యం. అమెరికాలో 2007 నుంచి ఫిర్యాదుకు ఒక ఏర్పాటు ఉంది. అది కూడా చాలదని, కారణం చెప్పకుండా ఆపడం రాజ్యాంగానికి విరుద్ధమని 2014 జూన్‌లో మరో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు.

మన దేశంలో ఈ విషయంలో మెచ్చుకోదగ్గ నమూనా ఒకటి ఇంట్లోనే ఉంది. విమానంలో గొడవ చేసేవాళ్ల కోసం పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017 సెప్టెంబర్‌లో తెచ్చిన నియమాలు. తప్పును మూడు స్థాయులుగా విభజించారు. నోటిదురుసుకు మూడు నెలల దాకా, చేయిచేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాపాయం తెచ్చే పనికి కనీసం రెండేళ్లు నిషేధం. తేల్చే సంఘానికి విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షుడు. నచ్చకపోతే 60 రోజుల్లో విశ్రాంత హైకోర్టు జడ్జి ఉండే సంఘానికి అప్పీలు చేసుకోవచ్చు. చేసిన పనికి శిక్ష, శిక్షకు గడువు, గడువు మీద అప్పీలు. దేశ భద్రతకు ముప్పు అని హోం శాఖ ఇచ్చే పేర్ల సంగతి వేరు, అవి బయటికి రావు. అవన్నీ బయటపెట్టమనడం అన్యాయమే అవుతుంది, అనుమానితుడికి ముందే కబురు పంపినట్టుంటుంది. కానీ బయటపెట్టకపోవడానికీ, పొరపాటును దిద్దే దారే లేకపోవడానికీ చాలా దూరముంది.

రెండూ నెగ్గిన ఒక సందర్భం

భద్రత కావాలంటే గోప్యత వదులుకోవాలి, ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుంది అన్న త్రాసు పోలిక ప్రతిసారీ సరిపోదు. 2009 నాటి లోదుస్తుల బాంబు తర్వాత అమెరికా విమానాశ్రయాల్లో శరీరాన్ని బట్టల్లోంచి చూసే స్కానర్లు పెద్ద ఎత్తున పెట్టారు. వాటిలో ఒక రకం దాదాపు నగ్నంగా కనిపించే బొమ్మను వేరే గదిలో కూర్చున్న ఉద్యోగికి చూపించేది. జనం మండిపడ్డారు. కోర్టులో కేసు పడింది. స్కానర్లు రాజ్యాంగ విరుద్ధం కాదు గానీ, ప్రజల అభిప్రాయం అడగకుండా పెట్టడం తప్పని 2011లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. మనిషి ఆకారాన్ని చూపించకుండా, అందరికీ ఒకే గీతల బొమ్మ వేసి, అనుమానం ఉన్నచోట మాత్రం చిన్న పెట్టె గీసే సాఫ్ట్‌వేర్ పెట్టాలని అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. ఆ మార్పు చేయలేకపోయిన రకం యంత్రాలను 2013లో తీసేశారు.

అంతకుముందు వేరే గదిలో మనిషి కూర్చుని చేసిన పనిని యంత్రమే చేసింది. తనిఖీ ఆగలేదు, ఎవరి ఒంటినీ ఎవరూ చూడలేదు. జనం ఊరుకుని ఉంటే ఆ మార్పు వచ్చేది కాదు.

రాజమండ్రి జడ్జి రాసిన రెండు తీర్పులు

భారత రాజ్యాంగంలో ‘గోప్యత’ అన్న మాట లేదు. ‘విదేశీ ప్రయాణం’ అన్న మాట కూడా లేదు. ఈ రెండూ 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలోకి వచ్చిన దారిలో ఒక తెలుగు న్యాయమూర్తి అడుగులున్నాయి. ఆయన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు.

1962 డిసెంబర్‌లో ఖరక్ సింగ్ కేసు. దోపిడీ కేసులో ఆధారాల్లేక విడిచిపెట్టిన ఒక మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టారు. రాత్రిళ్లు తలుపు తట్టేవారు, ఎటు వెళ్తే అటు ఆరా తీసేవారు. రాత్రి సోదాలు తప్పని ధర్మాసనం ఒప్పుకుంది గానీ, రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదని, కదలికల మీద నిఘా వేయవచ్చని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. సుబ్బారావు విభేదించారు. నీడలా ఎవరో వెంటాడుతుంటే మనిషి కదలగలడు గానీ అది మరబొమ్మ కదలికే, స్వేచ్ఛ కాదు అన్నది ఆయన వాదన సారాంశం. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నారు.

1967 ఏప్రిల్‌లో, ప్రధాన న్యాయమూర్తిగా ఆయన చివరి రోజుల్లో, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసు వచ్చింది. చట్టమంటూ లేకుండా పాస్‌పోర్టు నిరాకరించే అధికారం ప్రభుత్వానికి లేదని, విదేశాలకు వెళ్లడం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమని మెజారిటీ తీర్పు రాశారు. ఆ ఏడాదే పాస్‌పోర్టు చట్టం వచ్చింది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ మాటను పక్కనపెట్టి, సుబ్బారావు చూపిన మైనారిటీ దారినే రహదారి చేశారు. హక్కుకు హద్దులూ చెప్పారు. ప్రభుత్వం గోప్యతలోకి అడుగుపెట్టవచ్చు, అయితే దానికో చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, తీసుకున్న చర్య ఆ అవసరానికి తగుమాత్రంగా ఉండాలి, దుర్వినియోగం కాకుండా కాపలా ఉండాలి.

ఆ కొలబద్దతో డిజియాత్ర

ఇప్పుడు మళ్లీ గుమ్మం దగ్గరికి వద్దాం. 2018లో విధానంగా మొదలై, 2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలలో డిజియాత్ర నడకలోకి వచ్చింది. 2023లో హైదరాబాద్, విజయవాడలకు, 2024 సెప్టెంబర్‌లో విశాఖపట్నానికి చేరింది. నడిపేది ప్రభుత్వ శాఖ కాదు, డిజియాత్ర ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని కంపెనీ. అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం, మిగతా వాటా హైదరాబాద్‌తో సహా ఐదు విమానాశ్రయాల కంపెనీలది.

దీని నిర్మాణంలో మంచి ఆలోచన ఉంది. ఫొటో, గుర్తింపు వివరాలు ఒకే పెద్ద గోదాములో కాకుండా ప్రయాణికుడి ఫోన్లోనే ఉంటాయి. ప్రయాణానికి ముందు ఆ విమానాశ్రయానికి పంపుతారు, విమానం వెళ్లిన 24 గంటల్లో అక్కడ చెరిపేస్తారు. వాడటం ఐచ్ఛికం. పైగా ఇక్కడ జరిగేది ప్రధానంగా రెండో పని, అంటే గుర్తింపు. ‘ఈ మొహం ఈ టికెట్టుదేనా’ అని అడగడం, ‘ఈ గుంపులో ఫలానా వాడెక్కడున్నాడు’ అని వెతకడం ఒకటి కావు. ఖరక్ సింగ్ వెంటపడిన నీడకు దగ్గరగా ఉండేది గుంపులో వెతకడం. మొహం గుర్తింపును గుడ్డిగా వ్యతిరేకించేవాళ్లు ఈ తేడాను ఒప్పుకోవాలి.

మరి అభ్యంతరాలేమిటి? చట్టమేది అన్నది మొదటిది. దీనికోసం పార్లమెంటు ప్రత్యేకంగా చేసిన చట్టమంటూ లేదు, ఉన్నది విధాన పత్రం. భద్రతా సంస్థలకు అప్పటి నియమాల ప్రకారం సమాచారం అందుబాటులోకి ఇవ్వవచ్చని, అవసరాన్ని బట్టి చెరిపేసే గడువు మార్చవచ్చని అందులో వీలుంచారు. చట్టం మారాలంటే చర్చ కావాలి, విధాన పత్రం మారడానికి అక్కర్లేదు. ఫౌండేషన్ ప్రభుత్వ సంస్థ కాదు కాబట్టి సమాచార హక్కు చట్టం కింద అడిగితే జవాబు రాదన్నది రెండో అభ్యంతరం. మూడోది ‘ఐచ్ఛికం’ అన్న మాట ఆచరణలో ఏమవుతోందన్నది. గుమ్మం దగ్గర సిబ్బంది సరిగా చెప్పకుండానే ఫొటో తీసి నమోదు చేశారని ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. ఫ్లైటుకు గంట కూడా లేనప్పుడు, ఒక వరస పొడుగ్గా, ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు, మనిషి ఇచ్చే సమ్మతి ఎంత స్వేచ్ఛగా ఇచ్చినట్టు?

ఒక పని కోసం తీసుకున్న సమాచారం మరో పనికి మళ్లడం అసలు భయం. ఇది ఊహ కాదు. 2003లో జెట్‌బ్లూ అనే అమెరికా విమాన సంస్థ దాదాపు 50 లక్షల ప్రయాణికుల రికార్డులను రక్షణ శాఖ కాంట్రాక్టరుకు, ప్రయాణికులకు మాటైనా చెప్పకుండా, ఇచ్చేసిందని బయటపడింది. మన దగ్గర 2024 చివర్లో డిజియాత్ర సమాచారం ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుందన్న వార్త గుప్పుమంది. ఫౌండేషన్ వెంటనే ఖండించింది. ఖండన నిజమే కావచ్చు. కానీ జనం ఆ వార్తను అంత తేలిగ్గా నమ్మారంటే, అలా మళ్లించడం నేరమని చెప్పే స్పష్టమైన చట్టం ఏదీ వాళ్లకు కనిపించకపోవడమే కారణం.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ ఖాళీని కొంత పూడుస్తుంది. సమ్మతి స్పష్టంగా ఉండాలి, పని అయిపోయాక చెరిపేయాలి, సమాచారాన్ని కాపాడలేకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడుతుంది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో 18 నెలల గడువిచ్చారు. అయితే దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ఏ ప్రభుత్వ సంస్థనైనా చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి 17వ సెక్షన్ ఇస్తుంది. మినహాయింపు లేకుండా భద్రతా సంస్థలు పనిచేయలేవని ప్రభుత్వం అంటుంది. మినహాయింపు ఉండొచ్చు గానీ దాన్ని పరీక్షించే స్వతంత్ర వ్యవస్థ ఏదని విమర్శకులు అడుగుతారు. ఐరోపాలో ఆ పని కోర్టులు, స్వతంత్ర పర్యవేక్షకులు చేస్తున్నారు. నాకు ఈ ఒక్క చోట విమర్శకుల ప్రశ్నే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇబ్రహీం కేసులో తప్పు దొరికింది ఏజెంటు నిజాయితీ వల్ల కాదు, కేసు బయటి జడ్జి ముందుకు వెళ్లి ఆ ఏజెంటు సాక్ష్యం చెప్పాల్సి రావడం వల్ల.

మన భీమవరం తల్లి ఆరు నెలలుండి, మనవరాలికి బారసాల చేసి తిరిగి వస్తుంది. ఆమె టికెట్ చిట్టా ఇక్కడ ఐదేళ్లు, అక్కడ పదిహేనేళ్లు ఉంటుంది. మనవరాలు హైస్కూల్లో చదివే నాటికి కూడా అమెరికాలోని ఒక కంప్యూటర్‌లో, ఆమె పేరు పక్కన వీల్‌చెయిర్ కోడ్ అలాగే ఉండొచ్చు. నడవలేని మనిషి అని చదువుకుంటుంది ఆ యంత్రం. ఇంగ్లిషు రాక అడిగిందని దానికి చెప్పే గడి ఆ ఫారంలో లేదు.